పదివేలవ గడప

మా ఆయన త్రినాథ్ బస్సులకి బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. మా పూసలపేటలో తిరిగే కాన్వెంటు బస్సుల్లో సగం ఆయన చేతి మీదుగా రేకు తొడుక్కున్నవే. అలాంటి మనిషికి ఆదివారాలు ఖాళీ దొరికితే ఊరుకుంటాడా? షెడ్డులో మిగిలిన రేకులూ, ప్లైవుడ్డు ముక్కలూ, ఎవరో వదిలేసిన ట్రాలీ చక్రాలూ పోగేసి, మా పాత జీపు వెనక తగిలించుకుని వెళ్ళేలా ఒక చిన్న ఇల్లు కట్టాడు. లోపల నలుగురు ఇరుక్కుని పడుకోగల మంచం, ఒక గ్యాసు పొయ్యి, మంచం పక్కన కిటికీ. వీధిలో అందరూ దాన్ని ఇల్లుబండి అనేవారు. ఆ పేరులో ఇంత ప్రమాదం ఉందని అప్పట్లో మాకు తెలీదు.

ఆ కిటికీ మా అమ్మాయి నైమిష కోసం పెట్టింది. దానికి ఐదేళ్ళు, ఇంతవరకూ సముద్రం చూడలేదు. పొద్దున్నే మంచం మీద కళ్ళు తెరిస్తే కిటికీలోంచి సముద్రమూ, అందులోంచి లేచే సూర్యుడూ కనబడతాయని వాళ్ళ నాన్న మాటిచ్చాడు. అది ఆ మాట క్లాసులో పిల్లలందరికీ, ఆయమ్మకీ, స్కూలు వ్యాను డ్రైవరుకీ చెప్పేసింది. దసరా సెలవులివ్వగానే గంగడపాలెం తీరానికి వెళ్ళాలని అనుకున్నాం. అద్దె వాటాలో ఉండేవాళ్ళం, గోడకి మేకు కొట్టాలన్నా ఓనరుని అడిగేవాళ్ళం. ఒక్క రాత్రయినా మన కిటికీ పక్కన మనం పడుకోవాలని నాకూ మనసులో గట్టిగానే ఉంది.

రేపు ప్రయాణమనగా మా అమ్మ సత్తెమ్మ దిగింది. మాతో తనూ వస్తానంది. ఇల్లుబండి చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు దగ్గర ఆగిపోయింది.

"గడపేదే?" అంది.

"బండికి గడపేంటమ్మా?"

"బండా? లోపల పొయ్యున్నాది, మంచమున్నాది, కిటికీకి తెర కూడా కట్టుకున్నారు. గడపొకటే ఒద్దేటి? గడపలేని కొంపలో నాను అడుగెట్టను. పిల్లనీ ఎట్టనివ్వను."

మా ఆయనకి అత్తగారంటే భయం లేదు గాని, ఆవిడతో వాదించడమంటే ఉంది. షెడ్డుకెళ్ళి మద్దిచెక్క ముక్కొకటి చిత్రిక పట్టి తెచ్చి తలుపు కింద బిగించాడు. అమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన మామిడాకులు కట్టింది. అంతటితో ఆగితే బావుండేది. కొత్త గడపన్నాక పాలు పొంగించాలంది. గ్యాసు పొయ్యి మీద పాలు పొంగాయి, పరమాన్నం అయింది, వీధంతా వచ్చి తింది. మా వార్డు బిల్లు కలెక్టరు లింగరాజు రెండో దొప్ప కూడా తిని, చెయ్యి తుడుచుకుంటూ కిందకి చూశాడు. గడప కనబడింది. చూస్తూ అలాగే ఉండిపోయాడు.

ఇక్కడ మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు ఊరెంతుంటుందని అడిగితే ఇన్ని ఇళ్ళని చెప్పరు, ఇన్ని గడపలని చెబుతారు. ఈ సంగతి పైన ఎక్కడో కూర్చున్న పెద్ద అధికారి చెవిన పడింది. ఆయన పులకించిపోయాడట. ఆహా, ఎంత తెలుగుతనం! వెంటనే ఇళ్ళ లెక్క రద్దు చేసి గడప మహోత్సవం ప్రకటించాడు. ఏది ఇల్లో ఏది కాదో తేల్చుకోవడానికి తలలు బద్దలు కొట్టుకోకుండా ఉత్తర్వులో ఒక్క వాక్యం రాయించాడు: "గృహమనగా గడప గలది." పదివేల గడపలున్న పట్టణానికి ఉత్తమ పట్టణం హోదా ఇస్తామన్నాడు.

అంతే, మా కమిషనరు చక్రధరం గారికి నిద్ర కరువైంది. పశువుల పాకలకి గడపలు పెట్టించాడు. రేషన్ షాపు గోదాముకి, నీళ్ళ ట్యాంకు మెట్ల దారికి, చివరికి మునిసిపల్ ఆఫీసు మరుగుదొడ్లకి కూడా పెట్టించి, వాటికి ఇంటి నంబర్లిచ్చాడు. ఇంకో ఊరివాళ్ళు ఏకంగా వీధి దీపాల స్తంభాలకే గడపలు కట్టేసరికి పైవాళ్ళు ఉలిక్కిపడి, సాక్షుల ముందు పాలు పొంగిన గడపనే లెక్కలోకి తీసుకుంటామని సవరణ తెచ్చారు. దానితో మా ఊళ్ళో మరుగుదొడ్లలో కూడా పాలు పొంగించారు. అయినా లెక్క పదివేలకి ఒకటి తగ్గింది. సరిగ్గా ఆ రోజుతో గడువు ముగుస్తుందనగా, మీసాలకి పరమాన్నం అంటించుకున్న సాక్షితో సహా మా గడప పుట్టింది.

మర్నాడు పొద్దున్న మా ఆయన జీపుకి ఇల్లుబండి తగిలిస్తుంటే వీధి చివర సన్నాయి మేళం వినబడింది. ఎవరిదో పెళ్ళనుకున్నాం. ముందు మేళం, వెనక కమిషనరు గారు, ఆయన వెనక పూలదండతో లింగరాజు. దండ మనుషులకి వెయ్యలేదు, గడపకి వేశారు. ఇల్లుబండి రేకుకి నంబరు పలక బిగించారు. కమిషనరు గారు గొంతు సవరించుకున్నారు.

"పౌరులారా! ఈ శుభఘడియలో ఈ గృహము మన పురపాలక సంఘమునందు పదివేలవ గడపగా ఆవిర్భవించినది. ఇకపై ఇది ఒక కుటుంబపు ఆస్తి కాదు. ఒక పట్టణపు ఆత్మగౌరవము."

"చాలా సంతోషమండి," అన్నాడు మా ఆయన. "కొంచెం పక్కకి జరిగితే మేము బయల్దేరతాం. చీకటి పడకుండా గంగడపాలెం చేరాలి."

"తప్పక వెళ్ళి రండి. గృహమును ఇచట ఉంచి వెళ్ళండి."

"సార్, ఇది బండండి. వెనకాల బండి నంబరు కూడా ఉంది చూడండి."

"చూచితిని. దాని పక్కన ఇంటి నంబరు కూడా ఉన్నది. పదివేలవ గడప పురపాలక పరిధి దాటినచో పరిధిలో పదివేల గడపలు ఉండవు. లెక్కల టీచరు గారు మీరే కదా, మీకు నేను చెప్పవలెనా?"

ఆ టీచర్ని నేనే. లెక్క ప్రకారం ఆయన మాట తప్పు పట్టడానికి వీల్లేకపోయింది. అదే నాకు ఎక్కువ మండింది.

నైమిష కమిషనరు గారి పంచె పట్టుకుని లాగింది. "తాతగారూ, సముద్రం లోపల సూర్యుడు ఉంటాడంట. మేం చూసొచ్చి ఇల్లు మళ్ళీ ఇచ్చేస్తాం," అంది. ఆయన దాని తల నిమిరి, దరఖాస్తు పెద్దవాళ్ళ ద్వారా రావాలన్నారు.

ఆ రోజు నుంచి మాకు జరిగిన మర్యాదలు పగవాడికి కూడా వద్దు. మధ్యాహ్నానికి ఇల్లుబండి పక్కన కుళాయి వేశారు. సాయంత్రానికి చెత్తబుట్ట, దోమల మందు, ఎదురుగా వీధి దీపం. ఇల్లు ఎక్కడికీ పోకుండా ఒక కాపలాదారుణ్ణి పెట్టారు. అతను వచ్చినప్పుడూ పోయినప్పుడూ గడపకి సెల్యూట్ చేసేవాడు, మమ్మల్ని మాత్రం ఎవరని అడిగేవాడు. తర్వాత ప్లానింగు విభాగం వాళ్ళు టేపు పట్టుకొచ్చి కింద వంగి చూసి కెవ్వుమన్నంత పని చేశారు. గృహము అడుగున చక్రములు గలవు. ప్లానులో చక్రములు చూపబడలేదు. కనుక చక్రములు అనధికార నిర్మాణము. పైగా గృహమునకు పునాది లేదు, నివాసితుల ప్రాణములకు అపాయము.

"పునాది మేమే ఉచితంగా వేస్తామమ్మా," అన్నాడు లింగరాజు, పండగ కానుక తెచ్చినవాడిలా. "రేపు సాయంత్రానికి కాంక్రీటు మిల్లరొచ్చేస్తాది. సక్రాలు సగం మునిగిపోయేదాకా పోసేస్తే ఇంకెక్కడికీ కదల్దు. తుఫానొచ్చినా బెంగ నేదు."

మా ఆయన మొహం పాలిపోయింది. ఎన్ని ఆదివారాలు దాని మీద కూర్చున్నాడో నాకు తెలుసు. సినిమా మానుకున్నాడు, స్నేహితుల పెళ్ళిళ్ళు మానుకున్నాడు. ఆ చక్రాలు సిమెంట్లో మునిగితే మనిషి కూడా కూరుకుపోతాడనిపించింది.

మర్నాడు పొద్దున్నే కాపలాదారు టీ తాగడానికి వెళ్ళిన సందులో జీపు తగిలించి నలుగురం బయల్దేరిపోయాం. నైమిష ఆనందం పట్టలేక పాటలు పాడుతోంది. ఊరి పొలిమేర చెక్‌పోస్టు దగ్గర ఎస్సై మమ్మల్ని ఆపాడు. మా మీద అప్పటికే ఫిర్యాదు వెళ్ళిపోయిందట. ఆయన కాగితం చదివాడు, మళ్ళీ చదివాడు, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏటండీ ఇది? ఇల్లు పోయిందని రాశారు. ఎవరిల్లు పోయింది?"

"మాదేనండి," అన్నాడు మా ఆయన.

"ఎత్తుకుపోయిందెవరు?"

"మేమేనండి."

"పోయినప్పుడు మీరెక్కడున్నారు?"

"ఇంట్లోనేనండి."

ఎస్సై చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. దొంగతనం కింద రాద్దామంటే సొమ్ము యజమాని దగ్గరే ఉంది. వదిలేద్దామంటే గడప మహోత్సవం. "నాకు పిల్లలున్నారండి," అని దణ్ణం పెట్టి, ముందొక జీపు, వెనకొక జీపు పెట్టి మమ్మల్ని మా వీధికి చేర్చాడు. దారిపొడుగునా ఎవరో మంత్రి వస్తున్నాడనుకుని జనం చేతులూపారు.

తిరిగొచ్చాక నైమిష ఏడవలేదు. ఏడ్చినా బావుండేది. కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి గోడకేసి చూస్తూ, "అమ్మా, సముద్రం ఇంతే ఉంటుందా?" అంది. మా ఆయన బయటికెళ్ళిపోయాడు.

మా అమ్మ లేచి, మళ్ళీ పారిపోకుండా బండి ముందు కాపలా కూర్చున్న లింగరాజు దగ్గరికెళ్ళింది. "లింగరాజూ, ఆ సర్కారు మాటేటో ఒక్కపాలి మళ్ళీ సెప్పు," అంది.

"గృహమనగా గడప గలదమ్మా."

"గడపుంటేనే ఇల్లా?"

"అంతేనమ్మా."

"అయితే గడప ఊడదీసెయ్యండి అల్లుడుగారూ."

నేను నమ్మలేకపోయాను. గడప మీద కూర్చుంటే చిన్నప్పుడు మా వీపులు చిట్లగొట్టిన మనిషి. గడప తొక్కి లోపలికొస్తే వెనక్కి పంపి మళ్ళీ దాటించేది. "అమ్మా, నిజంగానా?" అన్నాను.

"ఏటి సెయ్యమంటావు మరి? నా సాదస్తానికి పిల్ల సంబరమంతా నాశనం అయిపోతంది. లచ్చిందేవికి నాను సెప్పుకుంటాను," అంది. చెంగుతో గడప తుడిచి, రెండు చేతులూ దాని మీద పెట్టి దణ్ణం పెట్టుకుంది. మా ఆయన మేకులు పీకాడు.

సంగతి తెలిసి కమిషనరు గారు కారు కూడా ఎక్కకుండా పరిగెత్తుకొచ్చారు. మర్నాడు పొద్దున్నే రాష్ట్ర గడప పరిశీలన సంఘం రాబోతోందట. "హతవిధీ! నా ఉత్తమ పట్టణము!" అని కుళాయి గట్టు మీద కూలబడ్డారు.

అమ్మ ఆ చెక్క తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "మీకు కావలసింది గడపే కదా బాబూ. ఉంచుకోండి. పాలు పొంగిందే. బండి మాకొదిలెయ్యండి."

కమిషనరు గారు గడపని చూశారు. జేబులోంచి ఉత్తర్వు తీసి పెదాలు కదుపుతూ చదువుకున్నారు. ఆయన మొహంలోకి మెల్లమెల్లగా రక్తం తిరిగొచ్చింది.

"గృహమనగా గడప గలది. గోడల ప్రస్తావన లేదు. కప్పు ప్రస్తావన లేదు. అనగా..." ఆయన లేచి నిలబడ్డారు. "గోడలు ఐచ్ఛికములు!"

మా కోసం తెప్పించిన కాంక్రీటుతో మా వాటా పక్కనున్న ఖాళీ స్థలంలో గడపని పాతారు. పక్కన కర్ర పాతి దానికి ఇంటి నంబరు తగిలించారు. కాపలాదారు అటు జరిగి సెల్యూట్ చేశాడు. గడపలేని మా బండి ఇల్లు కాకుండా పోయింది. పరిశీలన ముగిసేదాకా యజమానులు ఊళ్ళోనే ఉండాలని మాత్రం కమిషనరు గారు షరతు పెట్టారు.

మర్నాడు పొద్దెక్కాక పరిశీలన సంఘం వచ్చింది. మొత్తం నాలుగు కార్లు. అధ్యక్షులవారు దిగారు. గృహానికి నిర్వచనం రాసిన పెద్ద అధికారి ఆయనే. వెనకాల పత్రికలవాళ్ళు ఫొటోలు తీసుకుంటున్నారు. ఆయన గడప ముందు నిలబడి, దాని వెనకనున్న ఖాళీ స్థలాన్నీ, అందులో మేస్తున్న మేకనీ చూశారు. కమిషనరు గారికి చెమటలు పట్టాయి.

"గోడలు...?" అన్నారు అధ్యక్షులవారు.

"తమ నిర్వచనమునే అక్షరము పొల్లుపోకుండా పాటించితిమండి."

అధ్యక్షులవారు ఇరుకున పడ్డారు. ఇది ఇల్లు కాదంటే ఆయన వాక్యం తప్పు. ఆయన వాక్యం తప్పయితే రాష్ట్రంలో ఉత్సవమంతా తప్పు. చుట్టూ కెమెరాలు. "అద్భుతము!" అన్నారు చివరికి. "నేను ఊహించిన గృహము ఇట్టిదే. ఇక లోపల పరిశీలించవలెను. యజమానులెవ్వరు?"

జీపు ఎక్కబోతున్న మమ్మల్ని పిలిచారు. మా ఆయనకేం చెయ్యాలో తోచక తల గోక్కున్నాడు. వాకిట్లో నిలబడ్డ మనిషిని లోపలికి రమ్మనకపోవడం మా అమ్మకి పుట్టి బుద్ధెరిగాక తెలీదు. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని గడప తొక్కకుండా దాటి, అవతల ఎర్రటి ఎండలో నిలబడింది.

"రండి బాబూ, లోపలికి రండి. తల జాగర్త, పైన దూలం కిందకున్నాది."

అధ్యక్షులవారు తల వంచారు. ఆయన వంచాక ఎవరు వంచరు? ఇంజనీర్లూ, ప్లానింగు వాళ్ళూ, కమిషనరు గారూ వరసగా తలలు వంచి, గడప తొక్కకుండా దాటి లోపలికెళ్ళారు. చెప్పులు బయట విడిచారు. ఒకాయన ఎవరో గోడకి ఆనుకోబోయి తమాయించుకున్నాడు.

"కూకోండి బాబూ, కాఫీలు తెస్తాను," అంది అమ్మ. గడప దాటి బయటికొచ్చింది. వెనక్కి తిరిగి గాలిలోంచి రెండు తలుపు రెక్కలు దగ్గరికి లాగింది. బొడ్లోంచి తాళం చెవి తీసినట్టు తీసి, తిప్పి, ఒకసారి లాగి చూసుకుని, మళ్ళీ బొడ్లో దోపుకుంది. అలవాటుకొద్దీ చేసిందో, కావాలనే చేసిందో ఇప్పటికీ చెప్పదు. వచ్చి జీపులో కూర్చుని, "పోనీండి అల్లుడుగారూ," అంది.

మేం కదిలాం. ఎవరూ ఆపలేదు. ఆపాల్సినవాళ్ళంతా లోపలున్నారు.

సాయంత్రానికి గంగడపాలెం చేరాం. ఇసకలో కొబ్బరిచెట్ల పక్కన బండి నిలిపాం. మర్నాడు తెల్లవారి నైమిష అరుపుకి లేచాను. అది కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, "వస్తున్నాడు! నాన్నా, తడిసిపోయి వస్తున్నాడు!" అంటోంది. మా ఆయన దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. అమ్మ బండి దిగుతూ లేని గడపని దాటడానికి కాలు ఎత్తి, నవ్వుకుని, దింపింది.

అప్పుడు ఫోను మోగింది. లింగరాజు.

"అమ్మా, ఎప్పుడొస్తారమ్మా? సార్లు లోపలే ఉండిపోయారు."

"రాత్రంతానా? పక్కనుంచి బయటికొచ్చెయ్యమను లింగరాజూ."

"పక్కన గోడ కదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "పేపరోళ్ళు బయటే కాసుక్కూచున్నారు. అజ్జచ్చులోరు గోడలోంచి వచ్చీసినట్టు ఫొటో పడిపోతే ఉద్దోగాలు ఉంటాయేటి? ఇడ్లీలు నాను కిటికీలోంచి అందిస్తన్నాను."

"కిటికీ ఎక్కడుంది?"

"ఉత్తరం పక్కమ్మా. రాత్రే తీర్మానం చేశారు. తాళం మాత్రం మీ అమ్మగారి కాడే ఉండిపోయిందంటన్నారు. బేగి రండమ్మా, మేక లోపలికీ బయిటికీ తిరిగెస్తంటే సార్లకి శానా అవమానంగా ఉంది."

ఫోను చేత్తో మూసి అందరికేసీ చూశాను. మా ఆయన అమ్మకేసి చూశాడు. అమ్మ బొడ్లో చెయ్యి పెట్టి తడుముకుని, తాళం చెవి భద్రంగానే ఉందని తలూపింది. నైమిష అప్పటికే నీళ్ళదాకా పరిగెత్తి వెనక్కొచ్చింది. దాని గౌను మోకాళ్ళదాకా తడిసిపోయింది.

"అమ్మా, ఇంకో రోజు ఉందామా?" అంది.

ఉన్నాం.